కర్ర పట్టినవాడెల్ల వస్తాదేనా?

ఉగాది సభలలో పంచాంగ శ్రవణమునకును బాలికల నృత్యమునకును నడుమ పది నిమిషముల కార్యక్రమ మొకటి కొన్ని సంవత్సరములుగా మనకు అలవాటైపోయినది. తెల్లని దుస్తులు తొడిగి, నడుమునకు రంగుపట్టీలు చుట్టుకొన్న పిల్లలు వేదిక నెక్కుదురు. ఒక్క పెట్టున కేక వేసి గాలిని గ్రుద్దుదురు. పన్నెండేండ్ల బాలు డొకడు పెంకులు పేర్చి పిడికిటితో పగులగొట్టును. తల్లిదండ్రులు ఫోనులెత్తి చిత్రములు తీసికొందురు. పిమ్మట శిక్షకుని పిలిచి శాలువ కప్పి, జ్ఞాపిక చేత బెట్టి, మన అధ్యక్షులవారు క్రమశిక్షణను గూర్చి నాలుగు మాటలు చెప్పుదురు. నేనును ఆ సభలలో చప్పట్లు చరచిన వాడనే. ఈ వ్యాసము ఆ చప్పట్లపై ఆక్షేపణ.

మన యింటి ఆడపిల్లకు సంగీతము చెప్పించునపుడు ఆ పంతులమ్మగారు ఎవరి శిష్యురాలో విచారింతుము. లెక్కలు చెప్పు మాస్టారి దగ్గర చదివినవారికి ఎన్ని మార్కులు వచ్చినవో అడుగుదుము. వంటకు కుదిరిన మనిషిని సైతము పది ప్రశ్నలు వేయుదుము. పిల్లవాని మెడ, మోకాలు, తల, వీనిని ఇతరుల దెబ్బలకు ఎదురొడ్డించి నేర్పు మనిషిని మాత్రము రెండే అడుగుదుము: నెలకు ఎంత? ఏ వేళకు? ఈ విచిత్రమునకు మూలము మన మనస్సులో నాటుకొన్న ఒక భ్రమ. బలవంతుడు గురువు కాకపోవునా అని మన యూహ.

కోడి రామమూర్తి నాయుడుగారి పేరు వినని తెలుగు వాడుండడు. వీరఘట్టమున పుట్టి, విజయనగరమున పెరిగి, ఛాతికి చుట్టిన యినుప గొలుసులను ఊపిరి బిగించి తెంచిన వాడు. కదలు మోటారు బండ్లను నిలిపినవాడు. రొమ్ముపై ఏనుగు నెక్కించుకొన్నవాడు. మన తాతలు ఆయనను కలియుగ భీముడని పిలిచిరి. కాని ఆ జీవితములో మనవారు చెప్పుకొనని ఘట్ట మొకటి కలదు. అంతటి దేహదారుఢ్యము గల ఆ యువకుడు ఈ చెన్నపట్టణమునకే వచ్చి, సైదాపేటలో వ్యాయామ శిక్షకులకై యేర్పడిన చదువు చదివి, తిరిగి పోయి విజయనగరమున పాఠశాల వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేసెను. సర్కసు, బిరుదులు, విదేశయాత్రలు ఆ పిమ్మట వచ్చినవి. 1942లో ఒడిశాలోని బలాంగీరున ఆయన కన్నుమూసెను. ఏనుగును మోయగల వానికి పిల్లలకు బస్కీలు నేర్పుట వేరే విద్య యని తెలిసినది. పెంకులు పగులగొట్టువానికి తెలియలేదు. ఏనుగు కథకు మనము ముచ్చటపడుదుము గాని నాకు ఆయనపై గౌరవము కలిగించునది సైదాపేట.

జపాను నుండి వచ్చిన విద్యల సంగతియు నిట్టిదే. జూడోను రూపొందించి 1882లో కొడోకాన్ స్థాపించిన జిగొరో కానో దీర్ఘకాలము టోక్యోలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు అధిపతి. ఒకినావా ద్వీపపు కరాటేను జపాను ప్రధాన భూమికి పరిచయము చేసిన వారిలో ప్రముఖుడు గిచిన్ ఫునకోషి బడిపంతులు. అంతకు ముందు తరమువాడు ఇతోసు, ఆ విద్యను బడిలో ప్రవేశపెట్టునపుడు అపాయకరములైన దెబ్బల ప్రాధాన్యము తగ్గించి పిల్లలకు తగిన అభ్యాసములు విడిగా కూర్చెను. అనగా ఈ విద్యలకు పెద్దలైనవారు, ఎదుటనున్న శిష్యుని వయస్సునకు సరిపోవునట్లు తమ విద్యను తగ్గించుకొనుట ఎరిగినవారు. నేడు వారి చిత్రపటములకు దండలు వేసి వంగి నమస్కరించు శిక్షకులలో ఎందరు ఆ పని చేయుచున్నారు?

పట్టీల సంగతి చెప్పక తప్పదు. నల్లపట్టీ యనగా విద్య ముగిసినదని మనవా రనుకొందురు. జపాను భాషలో ఆ మొదటి శ్రేణి పేరు షోదాన్. దాని యర్థము ప్రారంభపు మెట్టు. అక్షరములు వచ్చినవి, ఇక చదువు మొదలుపెట్టవచ్చునని దాని భావము. మన వీథులలోనో, పసుపు, నారింజ, ఆకుపచ్చ, నీలము, ఊదా యని మెట్టుమెట్టునకు పరీక్ష. పరీక్ష పరీక్షకు రుసుము. రుసుము చెల్లించిన వాడెవ్వడును తప్పినట్లు నేను వినలేదు. తప్పనివ్వని పరీక్షను సంతలో బేరమనవలె గాని పరీక్ష యనరాదు. మా వీథిలో ఎనిమిదేండ్ల బాలుడు నల్లపట్టీకి ‘ఇంక రెండే’ మిగిలినవని నాతో చెప్పినాడు. వానికి ముందుకు పల్టీ కొట్టుట రాదు. క్రింద పడునపుడు తల కాపాడుకొనుట అసలే రాదు.

పడుట నేర్పనివాడు ఈ విద్యకు గురువు కాడు. ఈ మాట నేను పుస్తకములలో చదివి చెప్పుటలేదు. మా అన్నగారి మనుమడు, పదునొకం డేండ్లవాడు, ఈ నగరమున ఒక శిక్షణశాలలో చేరెను. నేల బండపరుపు, మెత్తని పరుపు లేదు. చేరిన మూడవ వారము వానిని పదునైదేండ్ల వానితో జత చేసి కాలు తన్ని పడవేయు పట్టు చేయించిరి. వెనుకకు పడి తల నేలకు తగిలినది. శిక్షకుడు దగ్గరకు వచ్చి, ‘మగపిల్లవాడవు, ఏడుపేమిటిరా? లే!’ అని మరల వరుసలో నిలిపెను. ఇంకొక అరగంట అభ్యాసము జరిగినది. రాత్రి వాడు రెండుసార్లు వాంతి చేసికొని, ‘నన్ను బడికి ఎప్పుడు తీసికొని పోవుదురు?’ అని అడుగసాగెను. అది ఆదివారము రాత్రి. ఆసుపత్రిలో రెండు దినములు కనిపెట్టి చూచి, దైవానుగ్రహమున ప్రమాదము లేదని పంపిరి.

తలకు దెబ్బ తగిలిన బాలుడు స్పృహ తప్పనంత మాత్రమున క్షేమముగా నున్నాడని తలపరాదు. తలనొప్పి, వాంతి, మత్తు, కళ్లు తిరుగుట, అడిగిన మాటయే మరల మరల అడుగుట, ఇందులో ఏది కనిపించినను ఆ దినమున వానిని మరల అభ్యాసమునకు దింపరాదు. ఒకటి రెండు దినములు విశ్రాంతి నిచ్చి, వైద్యుని మాట ప్రకారము మెల్లమెల్లగా తిరిగి ప్రవేశపెట్టవలెను. మొదటి దెబ్బ మానక ముందే రెండవది తగిలినచో మెదడు వాచి ప్రాణమే పోవచ్చును. ఇది నేడు ప్రపంచమున క్రీడావైద్యు లందరు అంగీకరించిన విషయము; అర్ధగంటలో నేర్చుకొనదగినది. ఆ శిక్షకుని గోడమీద ఇరువది పతకములు వ్రేలాడుచున్నవి. ఈ అర్ధగంట చదువు ఆయనకు ఎవ్వరును చెప్పలేదు, మన మెవ్వరమును అడుగలేదు.

ఇది యొక్కని తప్పని త్రోసివేయుటకు వీలులేదు. జూడోకు పుట్టినిల్లైన జపానులో 1983 మొదలు మూడు దశాబ్దముల కాలమున నూరుమందికి పైగా విద్యార్థులు బడులలోని జూడో అభ్యాసములలో మరణించిరని ఆ దేశపు పరిశోధకులే లెక్కతేల్చిరి. వారిలో ఎక్కువమంది తల దెబ్బలవలన పోయినవారు. క్రొత్తగా చేరినవారు అనేకులు. ఫ్రాన్సు దేశమున నమోదైన జూడో అభ్యాసకులు జపానులోకంటె అధికము. అక్కడ ఇట్టి మరణ పరంపర కానరాలేదు. కారణము లనేకములు చెప్పుదురు గాని ఒకటి స్పష్టము: 1955 నాటి చట్టముతో ఫ్రాన్సు ప్రభుత్వము జూడో నేర్పుటకు రాజ్యపట్టా పొందవలెనని నిర్బంధించెను. దేహనిర్మాణము, ప్రథమచికిత్స, బోధనాపద్ధతి తెలిసినవానికి తప్ప పిల్లల నప్పగింపరు. (యానాము ఫ్రెంచివారి చేతినుండి తొలగిన మరుసటి సంవత్సరమే ఈ చట్టము వచ్చినది. యానాము సోదరులు ఆ యొక్క లాభమును పొందలేకపోయిరని నేను హాస్యమున కందును.) జపానువారు 2013 నుండి గాని శిక్షకులకు అర్హతాపత్రమును తప్పనిసరి చేయలేదు. విద్య కనిపెట్టినవారికన్న దానిని నేర్పుటెట్లో ఆలోచించినవారి పిల్లలు క్షేమముగా ఉన్నారన్నమాట.

మన దేశమున 1961లో పటియాలాలో క్రీడాశిక్షకుల సంస్థ వెలసినది. ఈ చెన్నపట్టణముననే వై.యం.సి.ఏ. వారి వ్యాయామ కళాశాల 1920 నుండి ఉన్నది. అనగా చదువుటకు చోటు లేక కాదు. వీథి చివర గది అద్దెకు తీసికొని పలక కట్టుటకు మాత్రము ఆ చదువు అక్కరలేదు. బడిలో పిల్లవానిని కొట్టరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టము శాసించుచున్నది. సాయంకాలము ఐదు గంటలకు అదే పిల్లవానిని మనమే వెంటబెట్టుకొని పోయి, బెత్తము పట్టినవాని కప్పగించి, దానిని క్రమశిక్షణ యనుచున్నాము!

కాఠిన్యమే గురుత్వమను ఈ నమ్మకమును నేను మిక్కిలి నిరసింతును. నీళ్లు అడిగిన పిల్లవానిని సోమరి యనుట. మే నెల యెండలో డాబాపై పరుగెత్తించుట. ఆలస్యముగా వచ్చినవానిచే నూరు గుంజిళ్లు తీయించుట. ఎముకల చివరలు ఇంకను ముదరని పసివాని పిడికిటితో గోడను గ్రుద్దించుట. వీనిలో వీరత్వ మేమున్నది? వడదెబ్బకు పౌరుషము మందు కాదు. ఎండలో దేహము చెమట రూపమున కోల్పోవు నీటిని మరల ఈయకున్న బలవంతుడైనను కూలును. సైన్యములకే ఈ సంగతి తెలియును. మన శిక్షకులు సైన్యమును అనుకరింపబోయి అందలి అరపులను మాత్రము పట్టుకొనిరి.

‘పూర్వము గురువులు కొట్టలేదా? గురువును ప్రశ్నించుట అపచారము గదా?’ అని మా బంధువు లొకరు నన్ను నిలదీసిరి. దీనికి సమాధానము చెప్పవలసియున్నది. పూర్వపు వస్తాదు మన వీథిలోనే యుండెడివాడు. గోదాకు గోడ యుండిన నుండును, లేకున్న లేదు. పోవువారు, వచ్చువారు చూచుచునే యుందురు. ఆయన త్రాగునా, త్రాగడా, భార్యతో ఎట్లుండును, ఎవరి పిల్లవాని చేయి ఎప్పుడు బెణికినది, ఇవన్నియు ఊరికి కంఠస్థము. అడుగవలసిన పనిలేదు, ఏలయనగా తెలియని దేమియు లేదు. నేటి శిక్షకుడు నగరమునకు ఆ చివరనుండి మోటారు సైకిలుపై వచ్చి, గంట నేర్పి, వెడలిపోవును. ఆయన ఇంటి పేరైన మనకు తెలియదు. వీథి చేసిన పని ఇప్పుడు మనము ప్రశ్నలతో చేయవలెను.

పూర్వమున్నదంతయు బంగార మని నే ననుట లేదు. సాముగరిడీలను పునరుద్ధరింపుడని కొందరు మిత్రులు ప్రతి సంచికలోను వ్రాయుచుందురు. ఆ గోదాలలోనికి ఆడపిల్లలను రానీయలేదని, కులమునుబట్టి కొందరిని గడప బయటనే నిలిపినవి కలవని వ్రాయరు. ద్రోణాచార్యుని పేర శిక్షకులకు 1985 నుండి భారత ప్రభుత్వము పురస్కార మిచ్చుచున్నది. తాను నేర్పని శిష్యుని బొటనవ్రేలు అడిగిన గురువు పేరే దొరకినదా యని నాకు ఇప్పటికిని ఆశ్చర్యమే. అయితే పాతవానిలో నిలుపుకొనదగినవి లేకపోలేదు. మైసూరు రాజభవనమున విజయదశమినాడు జెట్టీలు వజ్రముష్టితో తలపడుదురు. చూచుటకు ఘోరముగా నుండును. కాని తొలి నెత్తురుబొట్టు కనబడిన క్షణమున పోరు ఆగవలెను, అదియే నియమము. ఎప్పుడు ఆపవలెనో ముందుగానే నిర్ణయించుకొన్న సంప్రదాయ మది. కోనసీమలో అమలాపురపు దసరా ఊరేగింపున చెడీ తాలింఖానా వారు కన్నులకు గంతలు కట్టుకొని మనుష్యుల మేనిపై నుంచిన కూరగాయలను కత్తితో నరుకుదురు. నాకు ఆ కత్తివానికంటె క్రింద కదలక పడుకొన్నవాడు ఆశ్చర్యము గొలుపును. ఎన్ని యేండ్ల సాధన చూచి వాడు ఆ నమ్మకము సంపాదించుకొనెనో! మనము మూడు వారములలో ఆ నమ్మకమును శిక్షకునకు అప్పనముగా ఇచ్చివేయుచున్నాము.

ఆడపిల్లల సంగతి ప్రత్యేకముగా చెప్పవలెను. ఆత్మరక్షణకని వారిని పంపుట మంచిదే. కేరళమున వడకరలో మీనాక్షి అమ్మగారు ఏడేండ్ల ప్రాయమున కళరి ప్రవేశించి, వార్ధక్యమునను కత్తి, కర్ర పట్టి బాలబాలికలకు నేర్పుచు 2017లో పద్మశ్రీ నందుకొనిరి. ఇట్టివారు మన ఊళ్లలోను రావలెను. అంతవరకు పురుషుడు నేర్పునపుడు, పట్టు చూపుటకు ఎచ్చట తాకవలసివచ్చునో, ఏల తాకవలసివచ్చునో ముందుగా నోట చెప్పవలెను, పిల్ల వలదన్నచో మానవలెను, తలుపు మూయరాదు, తల్లి కూర్చుండి చూచుటకు వచ్చిన రోజున ముఖము చిట్లింపరాదు. నమ్మకపు స్థానమున నున్నవాడు బిడ్డపై అఘాయిత్యము చేసినచో 2012 నాటి చట్టము దానిని మరింత ఘోరమైన నేరముగా నెంచి శిక్షించును. శిక్ష జరిగిన తరువాతి మాట. తలుపు తెరచియుంచుట ముందు మాట.

మంచి గురువు ఎట్లుండునని అడుగుదురేమో. నేను చూచిన ఒకరిని గూర్చి చెప్పెదను; ఆయనకు పేరు ప్రచురించుట ఇష్టము లేదు. ఉత్తర మద్రాసులో సిలంబము, అనగా కర్రసాము, నేర్పు ఆశాన్. పిల్లలు రాకముందే అరగంట వచ్చి నేలపైని రాళ్లు, గాజుపెంకులు ఏరును. కర్రను ప్రతివాని నుదుటి యెత్తునకు కొలిచి కోయును. అన్నకొలత తమ్మునికి ఈయడు. మొదటి నెలలో కర్ర నిచ్చుటే లేదు, అడుగులే. ‘కాలు నిలిచిన పిమ్మటనే చేయి’ అని ఆయన మాట. నేను మూడు సాయంకాలములు కూర్చుండి చూచితిని. బాగుగా త్రిప్పువాని దగ్గర ఆయన నిలువలేదు. వరుస చివర తడబడుచున్న లావుపాటి బాలునివద్దనే సగము కాలము గడపెను. ఒక పిల్లకు ఉబ్బసమున్నదని ఎరిగి ఆమె ముఖము చూచి విరామ మిచ్చుచుండెను. తెలుగిండ్ల పిల్లలను తెలుగుననే సరిదిద్దును. ఆయనది తమిళము; మన పిల్లలకొరకు ‘వంగు, ఆగు, తల కాచుకో’ అను మాటలు నేర్చుకొనినాడు. ఎందుకని అడిగితిని. ‘కర్ర మీదికి వచ్చునపుడు అనువదించుకొనుటకు వ్యవధి ఉండదు’ అనెను. జపాను అంకెలను అర్థము తెలియక పదివరకు అరచు మన పిల్లలు నాకు జ్ఞప్తికి వచ్చిరి.

ఒకనాడు వాన వచ్చి నేల జారుచుండగా ఆయన అభ్యాసము మానిపించి పిల్లలకు కర్రకు నూనె పట్టించు పద్ధతి చూపెను. ఆ నెల ఎవ్వరికిని పట్టీ రాలేదు, పతకము రాలేదు. 2024 జనవరిలో తమిళనాట జరిగిన ఖేలో ఇండియా క్రీడలలో సిలంబమును ప్రదర్శన క్రీడగా చేర్చిన తరువాత కొందరు తల్లిదండ్రులు వచ్చి, ‘మావాడు ఎప్పుడు పోటీకి పోవును?’ అని తొందరపెట్టిరట. ‘వాడు ముందు కర్రను క్రింద పెట్టుట నేర్చుకొననీయుడు’ అనెనట. ఇద్దరు పిల్లలను మాన్పించుకొని పోయిరి. ఆయన సంపాదన తగ్గినది.

ఇక్కడ మన లోభమును గూర్చియు ఒప్పుకొనవలెను. నెలకు వేయి రూపాయలు ఈయుటకు గింజుకొని, ఒక్క మనిషి అరువదిమందిని కనిపెట్టవలెనని కోరుదుము. పరుపులు ఎవరు కొందురు? రెండవ శిక్షకునకు జీతమెవరిత్తురు? ప్రథమచికిత్స నేర్చుకొనుటకు ఆయన పని మానుకొను దినములకు పరిహార మెవరిది? గురుదక్షిణ యను పెద్దమాట చాటున తక్కువ యిచ్చి, వృత్తిధర్మము మాత్రము పూర్తిగా పాటింపుమనుట న్యాయము కాదు. ఈ పని వృత్తియని మనము అంగీకరించిననే ఆయనను వృత్తిపరమైన ప్రశ్నలు అడుగుటకు మనకు నోరు వచ్చును.

నోరు రాకపోవుటకు వేరొక కారణమును ఉన్నది. అది మనకు ప్రత్యేకము. మా అన్నగారి కోడలు ఆ శిక్షకునకు ఫోను చేసినపుడు, ‘అమ్మా, ఇది సంగీతపు క్లాసు కాదు’ అని ఆయన పెట్టివేసెను. ఆమె పోయి అడుగుదునన్నది. ఇంటిలోని పెద్దలే వారించిరి: ‘మనము బయటినుండి వచ్చినవారము, ఊరివారితో మనకేల తగవు, తల్లీ?’ నాలుగు తరములుగా ఇచ్చట ఇంటిపన్ను కట్టుచున్న వారము! మా తాతగారి చితి ఈ ఊరి నేలమీదనే కాలినది. పిల్లవాని తల పగులబోయిన నాడు సైతము మనము అతిథులమే యట! బెంగుళూరునను, షోలాపురమునను, బరంపురమునను స్థిరపడిన మన కుటుంబములలో ఈ మాట ఎంతటి అన్యాయములను కప్పిపుచ్చినదో ప్రతివారును తమ తమ అనుభవమున వెదకుకొనవచ్చును. ఆ శిక్షకుని దగ్గర తమిళ పిల్లలును ఉన్నారు, ఉర్దూ మాటలాడు పిల్లలును ఉన్నారు. మన మడిగినచో వారి తలలును దక్కును. మా మనుమడు మాన్పించబడినాడు. తక్కినవా రక్కడనే బండమీద పడుచున్నారు.

మన సంఘ భవనపు క్రిందిహాలును సాయంకాలములందు ఇట్టి శిక్షణకు అద్దె కీయవలెనను ప్రతిపాదన కార్యవర్గము నెదుట ఉన్నది. అద్దె చాలును, తక్కినది వారి బాధ్యత యని కొందరి వాదము. హాలు మనది, పిల్లలు మనవారు, పలకపై సంఘము పేరు ఉండును. బాధ్యత మాత్రము పరులది యెట్లగును? పరుపులు లేనిదే పడవేయు పట్టులు చేయింపరాదనియు, ఇరువదిమందికి ఒక శిక్షకుడు ఉండవలెననియు, ప్రథమచికిత్స నేర్చినట్లు పత్రము చూపవలెననియు, తగిలిన ప్రతి దెబ్బను పుస్తకమున వ్రాసి ఆ దినమే తల్లిదండ్రులకు తెలుపవలెననియు, ఎప్పుడైనను ఎవరైనను వచ్చి చూడవచ్చుననియు నేను షరతులు వ్రాసి యిచ్చితిని. ‘ఇన్ని షరతులకు ఎవడు వచ్చునండీ?’ అని కోశాధికారిగారు నవ్విరి.

గత మాసమున ఇద్దరు వచ్చి హాలు చూచిపోయిరి. మొదటివారు వేదిక ఎంత వెడల్పో, ఉగాదికి ఎన్ని నిమిషము లిత్తురో అడిగిరి. రెండవవారు, నడివయస్సు స్త్రీ, చెప్పులు విడిచి హాలంతయు ఒకసారి నడచి, స్తంభములకు మెత్తలు కట్టుటకు అనుమతి యిత్తురా యనియు, దగ్గరనున్న ఆసుపత్రి ఎంత దూర మనియు అడిగిరి. ఆమె అడిగిన రుసుము మొదటివారి దానికి ఇంచుమించు రెట్టింపు. నా మతము ఆమెకే యిచ్చితిని. నిర్ణయము వచ్చే సమావేశమునకు వాయిదా పడినది. సభ్యులు ఆ దినమున తప్పక రావలెనని కోరుచున్నాను.